తోట రైలుకి చెక్కతో స్టేషన్, కేబిన్, బ్రిడ్జి కట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరట్లోనో డాబా మీదో 45 మిల్లీమీటర్ల పట్టాలు పరిచి పెద్ద సైజు మోడల్ రైలు నడిపే వాళ్ళు మన తెలుగువాళ్ళలో కూడా ఉన్నారు, కొత్తగా మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ ఇంచుమించు ఇవే డౌట్లు అడుగుతున్నారు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. టేబుల్ మీద పెట్టే మోడల్‌కీ దీనికీ పెద్ద తేడా ఏంటంటే ఇక్కడ బిల్డింగు ఏడాది పొడుగునా ఎండలో వానలో బయటే ఉంటుంది. తడవకుండా ఆపడం మన వల్ల కాదు, తడిసింది త్వరగా ఆరిపోయేలా కట్టడం మన చేతిలో ఉంది. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోండి, వరసగా చదవాల్సిన పనిలేదు.

## మొదలుపెట్టే ముందు

పట్టాలు అందరివీ 45 మిల్లీమీటర్లే కదా, మరి స్కేల్ ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారేంటి?

పట్టాల మధ్య దూరం ఒకటే, కానీ అవి అసలు ఏ గేజ్‌కి, అంటే నిజం రైలు పట్టాల ఏ వెడల్పుకి నమూనా అన్నదాన్ని బట్టి స్కేల్ మారిపోతుంది. 1968లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌కి చెందిన లేమన్ కంపెనీ ఎల్‌జీబీ పేరుతో ఈ సైజు రైళ్ళు తెచ్చినప్పుడు మీటర్ గేజ్ బండ్లని 1:22.5లో, అంటే అసలు సైజులో 22.5వ వంతుగా చేసింది. అమెరికా మూడడుగుల నారో గేజ్ ఇష్టపడేవాళ్ళు 1:20.3 వాడతారు, స్టాండర్డ్ గేజ్ వాళ్ళు 1:32, కొన్ని అమెరికన్ కంపెనీల బండ్లు 1:29లో వస్తాయి. మన మీటర్ గేజ్ లైను కట్టాలనుకునేవాళ్ళకి 1:22.5 చక్కగా కుదురుతుంది, 45ని 22.5తో గుణించి చూడండి, 1012 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు ఒక మీటరు వస్తుంది. నోటి లెక్క కావాలంటే అసలు అడుగుకి మోడల్‌లో పదమూడున్నర మిల్లీమీటర్లు. అంటే ఏడడుగుల తలుపు 95 మిల్లీమీటర్లు, అయిదున్నర అడుగుల మనిషి 74. ఒకే చోట రెండు స్కేళ్ళ బిల్డింగులు మాత్రం పక్కపక్కన పెట్టకండి, తలుపుల ఎత్తు దగ్గరే దొరికిపోతాయి.

మా ఊరిది బ్రాడ్ గేజ్ స్టేషన్, అది కట్టకూడదా?

కట్టొచ్చు. 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్‌ని 45 పట్టాల మీద చూపించాలంటే లెక్క ప్రకారం 1:37 రావాలి, ఆ స్కేల్‌లో రెడీమేడ్ బండ్లు దొరకడం కష్టం. మీ దగ్గర 1:32 బండ్లుంటే బిల్డింగ్ కూడా 1:32లోనే కట్టేయండి, బండికీ తలుపుకీ పొంతన కుదిరితే చాలు, గేజ్ కాస్త తేడాగా ఉన్నా కంటికి తెలీదు.

మీటర్ గేజ్ స్టేషన్లు ఇప్పుడెక్కడున్నాయండి, కొలతలు ఎలా తెచ్చుకోవాలి?

1992లో లైన్లన్నిటినీ ఒకే గేజ్‌కి మార్చే యూనిగేజ్ ప్రాజెక్టు మొదలయ్యాక మన లైన్లు ఒక్కోటీ బ్రాడ్ గేజ్ అయిపోయాయి. గుంటూరు–గుంతకల్లు, సికింద్రాబాద్–ద్రోణాచలం, పాకాల–ధర్మవరం, ఇవన్నీ ఒకప్పుడు మీటర్ గేజే. పట్టాలు మారినా చాలాచోట్ల పాత బిల్డింగో, గోడౌనో, క్వార్టర్సో మిగిలే ఉంటాయి, స్టేషన్ మాస్టర్‌ని అడిగి పర్మిషన్ తీసుకునే కొలవండి, పట్టాల దగ్గరికి టేప్ పట్టుకుని వెళ్ళొద్దు. అసలు బిల్డింగే లేదు, పాత ఫోటో ఒక్కటే ఉంది అంటే తలుపు పక్కన నిలబడ్డ మనిషే మీ స్కేలు. అది కూడా లేకపోతే ఇటుకలు లెక్కపెట్టండి, పాత ఇటుక దాదాపు తొమ్మిది అంగుళాల పొడవు, మోడల్‌లో అది పది మిల్లీమీటర్లు. గోడలో ఎన్ని ఇటుకలున్నాయో తెలిస్తే గోడ పొడవు తెలిసినట్టే.

ఊళ్ళో పెద్దవాళ్ళని కూడా అడగండి. ఫోటోలో కనిపించని వైపు మంచినీళ్ళ కుండ ఎక్కడ పెట్టేవాళ్ళు, టికెట్ కిటికీ ఎటుండేది లాంటివి వాళ్ళు తప్ప ఇంకెవరూ చెప్పలేరు, ఇంకో పదేళ్ళాగితే అడగడానికి వాళ్ళూ ఉండరు.

స్టేషన్ మొత్తం కడితే ఎంత జాగా పడుతుంది?

అరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పున్న చిన్న స్టేషన్ 1:22.5లో 81 సెంటీమీటర్లు, 27 సెంటీమీటర్లు వస్తుంది, అది ఫర్లేదు. ఇబ్బంది ప్లాట్‌ఫారంతో, రెండొందల అడుగులదంటేనే 2.7 మీటర్లు. అందుకే దాదాపు అందరూ పొడవు తగ్గిస్తారు. కిటికీలూ తలుపులూ అసలు సైజులోనే ఉంచి, అయిదు కిటికీలున్న చోట మూడు పెట్టండి. కిటికీనే చిన్నది చేశారంటే మాత్రం బొమ్మరిల్లులా తయారవుతుంది.

ఫస్ట్ ఏం కట్టమంటారు?

గేట్‌మన్ గది. నాలుగు గోడలు, ఒక తలుపు, ఒక కిటికీ, వాలు కప్పు. స్టేషన్‌లో వచ్చే ప్రతి పనీ ఇందులో చిన్న మోతాదులో ఉంటుంది, పాడైనా పెద్ద నష్టం లేదు. దాని తర్వాత సిగ్నల్ కేబిన్‌కి వెళ్ళండి, కింద ఇటుక గోడ, పైన చెక్క, చుట్టూ అద్దాలు. చెక్కపనికి మన రైల్వేలో అంతకన్నా అందమైన బిల్డింగ్ లేదని నా అభిప్రాయం.

కిట్లు కొనుక్కుంటే అయిపోదా?

పోలా, పీకో లాంటి కంపెనీల ప్లాస్టిక్ కిట్లు బయట తట్టుకుంటాయి, బాగుంటాయి కూడా. కానీ అవి జర్మనీ, అమెరికా బిల్డింగులు. మన పెంకుల స్టేషన్ కావాలంటే మనమే కట్టుకోవాలి.

## చెక్క

ఏ చెక్క వాడాలి?

టేకు, అందులోనూ చేవ. మొద్దు మధ్యలో ముదురు గోధుమ రంగులో ఉండేది చేవ, దాని చుట్టూ పాలిపోయినట్టు ఉండే భాగం టేకుదే అయినా బయట పెడితే పుచ్చిపోతుంది, కాబట్టి షాపులో టేకు అన్నారని కళ్ళు మూసుకుని తెచ్చుకోకండి, ముక్క తిప్పి రంగు చూడండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అందుకే నీటికీ చెదకీ తట్టుకుంటుంది, తడిసి ఆరినా పెద్దగా వంకర పోదు. బాగా ఎండిన వేప చేవ కూడా నడుస్తుంది. మామిడి, పార్సిల్ పెట్టెల పైన్ బయటకి వద్దు.

అన్నిటికంటే మంచి సరుకు పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే ద్వారబంధాలు, వాసాలు. ఏళ్ళ తరబడి ఎండి ఉంటాయి కాబట్టి కోశాక కదలవు. కాకపోతే లోపల విరిగిపోయిన మేకులుంటాయి, కోసే ముందు అయస్కాంతం పెట్టి మొత్తం వెతకండి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, దాన్ని సాండ్‌పేపర్‌తో రుద్ది పొడి చెయ్యకుండా పై పొరని మందంగా కోసి పారేయడమే సేఫ్.

బాల్సా, ఎండీఎఫ్, ఐస్‌క్రీమ్ పుల్లలు పనికొస్తాయా?

బయట పెట్టడానికి పనికిరావు. చెక్క పొడి అదిమి చేసే ఎండీఎఫ్ బోర్డు ఒక్క వానకే అంచులు ఉబ్బుతుంది, తేలికైన మెత్తటి బాల్సా చెక్క నీళ్ళు పీల్చేస్తుంది. ఐస్‌క్రీమ్ పుల్లలతో ముందు ఒక శాంపిల్ కట్టి చూసుకోడానికి మాత్రం బాగుంటుంది, అట్టముక్కతో చేసినా అంతే.

ప్లైవుడ్ వాడొచ్చా?

గోడ లోపలి పొరకీ, కప్పు కింద పలకకీ వాడొచ్చు, కానీ ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి. మామూలు కమర్షియల్ ప్లై పొరలు ఊడిపోతాయి. ఎంత మంచి ప్లై అయినా నీళ్ళు పట్టేది కోసిన అంచు దగ్గరే, అందుకని ప్రతి అంచుకీ, కిటికీ కోసిన కంతల లోపల కూడా అరాల్డైట్ లాంటి ఎపాక్సీ పల్చగా పూయండి. ఈ ఒక్క పని బద్ధకించడం వల్ల పాడైనన్ని బిల్డింగులు ఇంకే కారణంతోనూ పాడవవు.

మేము అమెరికాలో ఉంటాం, టేకు చాలా ఖరీదు. ఏం చెయ్యాలి?

మీకు వెస్ట్రన్ రెడ్ సీడర్, రెడ్‌వుడ్ ఉన్నాయి కదా, అక్కడి తోట రైలు వాళ్ళు వాడేది ఎక్కువగా అవే. ఫెన్స్‌కి వాడే సీడర్ పలకలు చవగ్గా దొరుకుతాయి, ముడులు లేనివి ఏరుకుని, ఇంట్లో కొన్ని వారాలు ఆరబెట్టి కోయండి. ఇక్కడ కూడా ముదురు రంగు చేవే కావాలి. మందు ఎక్కించిన ప్రెషర్ ట్రీటెడ్ చెక్క వద్దు, తడిగా వస్తుంది, సన్నగా కోయగానే మెలి తిరుగుతుంది, పైగా ఆ పొట్టు పీల్చడం మంచిది కాదు. మామూలు సీడర్ పొట్టు కూడా కొంతమందికి ఆయాసం తెప్పిస్తుంది, మాస్క్ తప్పనిసరి.

సన్నటి పట్టీలు ఎలా కోసుకోవాలి, నా దగ్గర మెషిన్ లేదు?

దగ్గర్లో ఫర్నిచర్ పనివాళ్ళ షాపుకి వెళ్ళండి. మూడు, అయిదు, ఏడు మిల్లీమీటర్ల మందం పట్టీలు కావాలని చెప్పి, కూలీ ఇచ్చి కోయించుకోండి, తలుపులు చేయగా మిగిలిన టేకు ముక్కలు కూడా అక్కడే దొరుకుతాయి. ఫొటో ఫ్రేములకీ అల్మారాలకీ కొట్టే టేకు బీడింగ్ రెడీమేడ్‌గా దొరుకుతుంది, స్తంభాలకీ కిటికీ చట్రాలకీ చాలావరకు అదే సరిపోతుంది. సొంతంగా టేబుల్ సా మీద కోసేవాళ్ళు పట్టీని వేళ్ళతో నెట్టొద్దు, కర్రతోనే నెట్టాలి, సన్న ముక్క బ్లేడుకీ గైడుకీ మధ్యలో ఇరుక్కుంటే బాణంలా వెనక్కి వస్తుంది.

## కట్టేటప్పుడు

ఏ గమ్ వాడాలి? మామూలు ఫెవికాల్ చాలదా?

మామూలు తెల్ల గమ్ తడికి మెత్తబడి వదిలేస్తుంది. ఫెవికాల్ మెరైన్ గానీ, అమెరికాలో అయితే టైట్‌బాండ్ 3 గానీ వాడండి. టేకుతో ఒక చిక్కుంది, దాని నూనె వల్ల గమ్ సరిగ్గా పట్టదు. అతికించే ముందు ఆ చోట సాండ్‌పేపర్‌తో రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే గమ్ పెట్టాలి, గంటలు గడిస్తే నూనె మళ్ళీ పైకొస్తుంది. బరువు మోసే జాయింట్లకి ఎపాక్సీ మేలు. ఏ గమ్ అయినా దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా ప్రతి మూలలో ఒక మేకో చెక్క పిన్నో దించండి, గమ్ ఎప్పటికైనా వదులుతుంది, మేకు పట్టుకుని ఉంటుంది.

మేకుల చుట్టూ నల్లటి మరకలు వస్తున్నాయి, ఎందుకు?

టేకు, సీడర్, రెడ్‌వుడ్ ఏదైనా ఇనప మేకుతో కలిసి తడిస్తే చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం ఇనుముతో కలిసి నల్లగా మారుతుంది. ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ మేకులు వాడితే ఈ బాధ ఉండదు. సన్న పట్టీ చీలకుండా ముందు చిన్న డ్రిల్‌తో కంత పెట్టి మేకు దించండి.

చెక్క గోడ వేశాక ఎండకీ వానకీ పలకలు ఉబ్బి వంకర పోతున్నాయి. ఎలా కట్టాలి?

వెడల్పాటి ఒకే పలక మీద గీతలు గీసి పలకల గోడ అనిపించాలని చూస్తే అది వంగి తీరుతుంది. తొమ్మిది మిల్లీమీటర్ల మెరైన్ ప్లై లోపలి గోడగా పెట్టి, దాని మీద మూడు మిల్లీమీటర్ల మందం, ఏడు మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పట్టీలు విడివిడిగా అతికించండి, అసలు బిల్డింగ్‌లో అది ఆరంగుళాల పలకతో సమానం. పట్టీకీ పట్టీకీ మధ్య ఒక విజిటింగ్ కార్డు మందం సందు వదలండి, వానాకాలం చెక్క ఉబ్బినప్పుడు ఆ సందులోకి సర్దుకుంటుంది. నిలువు పట్టీల అడుగు కొసలు నేలకి తగలకూడదు, ఒక పది మిల్లీమీటర్లు పైకే ఆపేయండి, చెక్క నీళ్ళు పీల్చేది ఎక్కువగా కొసల నుంచే.

బిల్డింగ్ అడుగు మూయొద్దు. చూరు కింద ఎక్కడో కనపడని చోట రెండు కంతలు పెట్టండి. కింద నుంచి గాలి వెళ్ళి పైనుంచి బయటికొస్తే లోపల చెమ్మ నిలవదు, బూజు పట్టదు.

చూరుకి వేలాడే ఆ డిజైన్ చెక్కలు ఎలా చెయ్యాలి?

పాత ప్లాట్‌ఫారం షెడ్డుల చూరుకి కొసలు కోసుగానో గుండ్రంగానో ఉన్న చెక్కలు వరసగా ఉంటాయి కదా, స్టేషన్‌కి కళ తెచ్చేవి అవే, ఓపిగ్గా చెయ్యండి. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం పట్టీలని సమానంగా కోసి, ఇరవయ్యో ముప్పయ్యో ఒకదానిమీద ఒకటి పేర్చి, టేపుతో గట్టిగా చుట్టి వైస్‌లో బిగించండి. కొసలన్నీ కలిసి ఒకే దిమ్మలా ఉంటాయి. పెన్సిల్‌తో ఒక్క డిజైన్ గీసి, గుండ్రటి ఆకురాయితో దిమ్మ మొత్తాన్నీ ఒకేసారి రాయండి. టేపు విప్పితే అన్నీ ఒక్క తీరుగా వస్తాయి. విడిగా ఒక్కొక్కటి చేస్తే ఎంత చేయి తిరిగినవాళ్ళకైనా తేడా వస్తుంది.

బెంగళూరు పెంకుల కప్పు చెక్కతో సాధ్యమేనా?

సాధ్యమే, చాలా బాగా వస్తుంది. మనం బెంగళూరు పెంకులు అనేవాటినే మంగళూరు పెంకులు అని కూడా అంటారు, 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టాక దక్షిణాదిలో ఎన్నో రైల్వే బిల్డింగులకి అవే ఎక్కాయి. అసలు పెంకు సుమారు పదహారు అంగుళాల పొడవు, మోడల్‌లో 18 మిల్లీమీటర్లు. 18 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న టేకు పట్టీ తీసుకుని, మూడు మూలల ఆకురాయితో ప్రతి పది మిల్లీమీటర్లకీ ఒక అడ్డ గాడి పెట్టండి, ఒక్కో పట్టీ ఒక్కో వరస పెంకులు అవుతుంది. చూరు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తూ, కింది వరస 14 మిల్లీమీటర్లు మాత్రమే కనిపించేలా పై వరస ఎక్కించండి. రంగు వేసేటప్పుడు మొత్తం ఒకే ఎరుపు వద్దు, అక్కడక్కడా పెంకులు కాస్త నల్లగా, కాస్త నారింజగా ఉండాలి, వాన పడ్డ కప్పు అలాగే ఉంటుంది. కప్పుని గోడలకి అతికించెయ్యకండి, ఎత్తి తీసేలా పెట్టుకుంటే లైటు పోయినా చీమలు పట్టినా పని సులువు.

కిటికీలకి అద్దం పెట్టాలా?

గాజు వద్దు, పగిలితే మట్టిలో కలిసి కాళ్ళకి గుచ్చుకుంటుంది. రెండు మిల్లీమీటర్ల పాలికార్బొనేట్ లేదా యాక్రిలిక్ వాడండి, నాలుగు వైపులా ఒక మిల్లీమీటర్ వదులుగా పెట్టండి.

వాగు మీద సినిమాల్లో చూసే చెక్క బ్రిడ్జి కట్టాలని ఉంది, కొలతలేంటి?

అడ్డంగా వరసగా చెక్క చట్రాలు నిలబెట్టి కట్టే ట్రెసిల్ బ్రిడ్జి అమెరికా పడమటి కొండల్లోది. మన లైన్ల మీద రాతి స్తంభాలు, ఇనప గిర్డర్లే ఎక్కువ, నిజానికి దగ్గరగా కావాలంటే అదే కట్టండి. ట్రెసిల్ మీద మోజుంటే 1:22.5లో చట్రానికీ చట్రానికీ 20 సెంటీమీటర్లు, అంటే అసల్లో పదిహేను అడుగులు. స్తంభాలు పన్నెండు అంగుళాల దిమ్మలు, మోడల్‌లో పదమూడున్నర మిల్లీమీటర్ల నలుచదరం. మధ్య స్తంభాలు నిటారుగా, చివరి రెండూ కాళ్ళు బయటికి చాచినట్టు వాలుగా, మీద ఏటవాలుగా రెండు అడ్డ పట్టీలు. ఒక చట్రం కొలతలు ప్లై మీద గీసి, గీతల పక్కన చిన్న దిమ్మలు కొట్టి అచ్చు తయారు చేసుకోండి, ఎత్తు తక్కువ చట్రాలకి అదే అచ్చులో కాళ్ళు పొట్టిగా కోస్తే సరిపోతుంది. నిలబెట్టేటప్పుడు పై దూలం మట్టం అన్నిటికీ ఒకటే ఉండాలి, తేడాలన్నీ కింద పునాదిలో సర్దుకోండి.

## రంగులు

పెయింట్ మంచిదా, ఆయిల్ మంచిదా?

గోడలకీ పెంకులకీ ఎక్స్‌టీరియర్ యాక్రిలిక్ పెయింట్, ముందు ఒక పూత ప్రైమర్. చెక్కలాగే కనిపించాలి అనుకున్న చోట బయటి చెక్కకి వాడే ఆయిల్, ఏడాదికోసారి మళ్ళీ పూయాలి. మెరిసే వార్నిష్ వద్దు, ఎండకి పెచ్చులు లేస్తుంది, ఆ పెచ్చుల కింద నీళ్ళు నిలుస్తాయి. అవిసె నూనె వాడేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళ బకెట్లో వెయ్యండి.

కొత్త చెక్కకి పాతబడ్డ బూడిద రంగు ఎలా తేవాలి?

సీసాలో వెనిగర్ పోసి అందులో ఇనప ఉన్ని వెయ్యండి, మూత బిగించకుండా ఒకటి రెండు రోజులు ఉంచండి, గ్యాస్ వస్తుంది కాబట్టి బిగిస్తే ప్రమాదం. వంటింట్లో గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ పీచు కరగదు, అది వెయ్యొద్దు, ఇనప ఉన్ని దొరక్కపోతే తుప్పు పట్టిన మేకులైనా చాలు. బట్టలో వడకట్టి బ్రష్‌తో చెక్కకి రాయండి. మొదట నీళ్ళు పూసినట్టే ఉంటుంది, చూస్తుండగా నెమ్మదిగా నార వెంబడి బూడిద రంగు పాకుతుంది, ఆరాక ఇంకా ముదురుతుంది. టానిన్ తక్కువున్న తెల్ల చెక్కకి ముందు స్ట్రాంగ్ టీ డికాషన్ పూసి ఆరబెడితే అదీ పడుతుంది. ప్రతి చెక్కా ఒక్కోలా తిరుగుతుంది, మిగిలిన ముక్క మీద చూడకుండా బిల్డింగ్ మీద రాయొద్దు.

స్టేషన్ పేరు బోర్డు ఎలా రాయాలి?

పసుపు మీద నలుపు, పైన తెలుగు, తర్వాత హిందీ, ఇంగ్లిష్. అక్షరాలు వినైల్ స్టికర్ షాపులో కోయించుకుంటే నీట్‌గా వస్తాయి, ఎండకి తట్టుకుంటాయి. చేత్తో రాయగలిగినవాళ్ళు ఎనామెల్‌తో రాయండి, పాత బోర్డుల అక్షరాలూ చేత్తో రాసినవే కదా, ఆ గుండ్రతనం కంప్యూటర్ ఫాంట్‌లో రాదు.

## తోటలో పెట్టాక

మట్టి మీదే పెట్టేయొచ్చా?

వద్దు. నాలుగంగుళాలు తవ్వి కంకర పోసి దిమ్మిస కొట్టి, దాని మీద తాండూరు బండో కడప బండో మట్టం చూసి వెయ్యండి, బిల్డింగ్ కంటే బండ అన్ని వైపులా రెండు మూడు అంగుళాలు ఎక్కువుండాలి, అప్పుడు చూరు నీళ్ళు బండ మీదే పడతాయి, మట్టి చింది గోడకి అంటదు. బండకీ బిల్డింగ్‌కీ మధ్య నాలుగు మూలలా చిన్న రాతి ముక్కలు పెడితే కింద నుంచి గాలి ఆడుతుంది. మొక్కలకి పెట్టే స్ప్రింక్లర్ రోజూ గోడ మీద పడకుండా కూడా చూసుకోండి, వానకంటే అదే ఎక్కువ చేటు.

చెదలు పడితే?

చెద మట్టి దారి కట్టుకుంటూ వస్తుంది, కాబట్టి బండ అంచులు నెలకోసారి చూడండి, మట్టి గీత కనపడితే తుడిచేసి అది ఎక్కడినుంచి వస్తోందో వెతకండి. బిల్డింగ్ పక్కన రాలిన ఆకులు, రంపపు పొట్టు పోగు పడనివ్వకండి.

బోగీ మూల ప్లాట్‌ఫారంకి గీసుకుంటోంది, ఎంత దూరం వదలాలి?

ఒకే నంబర్ చెప్పలేం, మలుపు ఎంత బిగుతో, బోగీ ఎంత పొడవో దాన్నిబట్టి ఉంటుంది. మలుపులో పొడుగు బోగీ మధ్యభాగం లోపలికి, మూలలు బయటికి తోసుకొస్తాయి. కట్టే ముందే మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడుగు బోగీకి మధ్యలో ఒకటి, మూలలో ఒకటి పెన్సిళ్ళు టేపుతో కట్టి, పక్కన అట్ట పెట్టి చేత్తో నెమ్మదిగా నడపండి. అట్ట మీద పడ్డ గీతకి ఇంకో అయిదు మిల్లీమీటర్లు బయట ప్లాట్‌ఫారం అంచు పెట్టండి. ఇంజన్‌తో కూడా అలాగే చూడండి.

లోపల లైటు పెట్టొచ్చా?

12 వోల్టుల పసుపు ఎల్‌ఈడీ చాలు. ఇంటి 230 వోల్టుల వైరు తోటలోకి తీసుకెళ్ళొద్దు, అడాప్టర్ ఇంట్లోనే పెట్టి తక్కువ వోల్టేజీ వైరు మాత్రమే బయటికి లాగండి.

వానాకాలంలో ఇంట్లో పెట్టెయ్యాలా? ఎన్నేళ్ళు ఉంటుంది?

మామూలు వానకి అక్కర్లేదు. కోస్తాలో ఉండేవాళ్ళు తుఫాను హెచ్చరిక వస్తే తీసి లోపల పెట్టండి, అందుకే బిల్డింగ్‌ని బండకి అతికించకుండా రెండు ఇత్తడి పిన్నుల మీద కూర్చోబెట్టుకోవాలి, మామూలు గాలికి కదలదు, కావాలంటే ఎత్తి తీయొచ్చు. కోతులు తిరిగే ఊళ్ళో కప్పుకి లోపల నుంచి ఒక కొక్కెం తప్పదు. చేవ టేకుతో కట్టి, ఏడాదికోసారి వానలు తగ్గాక బ్రష్‌తో నాచు దులిపి, ఊడిన పట్టీలు అతికించి, పెయింట్ పోయిన అంచులకి పూత వేస్తుంటే చాలా ఏళ్ళు నిలబడుతుంది. ముందు పాడయ్యేది ఎప్పుడూ చూరు చెక్కలూ అడుగు పట్టీలే, కట్టిన రోజే అవి ఒక పది ఎక్కువ చేసి, అదే రంగు వేసి, డబ్బాలో పెట్టుకోండి.